గదంతా ఒకే తాతగారు

"నేను చచ్చిపోయానని రాశావట్రా? నిన్ను సైకిలు మీద పరీక్షకి దింపి, నువ్వు బయటికొచ్చేదాకా గేటు దగ్గర ఎండలో పడిగాపులు పడ్డది ఎవడ్రా మరి?"

పరీక్షల ఆఫీసు వరండాలో ఆ ముసలాయన గొంతు విని అందరూ తల తిప్పారు. మనవడు తల దించుకుని కాలి బొటనవేలితో గచ్చు గీకుతున్నాడు. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి వరండా అంతా పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ రోజు ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

గోడకి ఆనుకుని నిలబడ్డ మాస్టారు ఆ మాట విని కళ్లు మూసుకున్నారు. మనవడి చేత తాతని చంపించింది ఆయనే మరి.

సంగతేమిటంటే, ఫలితాలొచ్చాయి. మాస్టారి ట్యుటోరియల్ పిల్లలందరూ ఒకే గదిలో కూర్చుని పరీక్ష రాశారు. ఆ గదిలో దాదాపు అందరి ఫలితమూ ఆపేశారు. ప్రశ్నపత్రంలో "నేను మరువలేని వ్యక్తి" అని వ్యాసం ఇచ్చారు. పేపర్లు దిద్దే ఆయన మొదటి పేపరు తీశాడు. గడియారాలు బాగుచేసే తాతగారు, ఎడమచేతి బొటనవేలి మీద మచ్చ, గోడగడియారానికి తాళం తిప్పుతూ తిప్పుతూ ఒక ఉదయం కన్నుమూశారు. బాగుంది అనుకున్నాడు. రెండో పేపరు తీశాడు. అదే తాతగారు, అదే మచ్చ. మూడోదీ అంతే. కట్ట సగానికొచ్చేసరికి పాపం ఆ పెద్దమనిషికి తల తిరిగిపోయి ఉంటుంది. అంతమంది తాతలు ఒకే ఉదయం ఒకే గడియారం దగ్గర ఎలా పోతారండీ? కట్ట మీద ఎర్రసిరాతో "సామూహిక కాపీ" అని రాసి పైకి పంపించేశాడు.

ఆ ముద్ర నిజమని తేలితే పిల్లలు రెండేళ్లు మళ్లీ పరీక్ష మొహం చూడ్డానికి వీల్లేదు. వాళ్లేమన్నా పొద్దస్తమానం చదువుకునే పిల్లలా? ఒకడు బేకరీలో పిండి పిసుకుతాడు, ఒకడు బస్సు కడుగుతాడు. ఒకమ్మాయికి ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి సీటు వచ్చి, ఈ సర్టిఫికెట్టు కోసమే ఆగివుంది. పరీక్ష గదిలో వాళ్లని కాపలా కాసిన టీచరమ్మ ఉద్యోగం కూడా దారం మీద వేలాడుతోంది. డిబారు చేసే వాళ్ల జాబితా ఆ సాయంత్రమే జీపులో పెద్దాఫీసుకి వెళ్లిపోతుంది. ఈలోపు చెప్పుకోవాల్సిందేమన్నా ఉంటే చెప్పుకోమని మాస్టారినీ పిల్లల్నీ పిలిపించారు.

మాస్టారి గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మీకు కథ ఎక్కదు. ఆయన తండ్రికి చిన్న గడియారాల కొట్టుండేది. మాస్టారు కుర్రతనంలో అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో చేరారు. ఇతరుల వాక్యాలు దిద్ది దిద్ది కళ్లకి అద్దాలొచ్చాయి గానీ సొంతంగా ఒక వాక్యం రాసే అవసరం రాలేదు. అచ్చాఫీసు మూతపడింది. భార్య కుట్టుమిషను మీద ఇల్లు నడుస్తున్న రోజుల్లో, సైకిళ్ల షాపు మేడమీద ఒక గది అద్దెకి తీసుకుని తప్పిన పిల్లలకి పాఠాలు మొదలెట్టారు. కింద సుత్తి దెబ్బలు, పైన ఈయన డిక్టేషను. "ఫుల్‌స్టాప్. కొత్త పేరా" అని ఆయన అరిచే అరుపు వీధి చివరికి వినిపించేది. పిల్లలు ఆయనకి కొత్తపేరా మాస్టారని పేరు పెట్టుకున్నారు. ఆయనకి తెలుసు. తెలిసీ తెలియనట్టుండేవారు.

వరకట్నం, వాతావరణ కాలుష్యం, గ్రంథాలయాల ఉపయోగం, సెల్‌ఫోను లాభనష్టాలు, స్త్రీ విద్య, మా వీధి, నా ఆశయం. లోకంలో ఉన్న ప్రతి విషయానికీ ఆయన దగ్గర ఒక వ్యాసం తయారుగా ఉండేది. పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి, అంతే. "రాయడం అందరికీ రాదు, పాసవ్వడం అందరికీ కావాలి" అనేది ఆయన మాట. ఆ మాటలో తప్పేముంది చెప్పండి? ఆయన దగ్గర పాసైనవాళ్లు డ్రైవర్లయ్యారు, గుమాస్తాలయ్యారు, దుకాణాలు పెట్టుకున్నారు. దారిలో కనిపిస్తే బండి ఆపి మరీ నమస్కారం పెట్టేవారు.

అన్ని వ్యాసాలూ అక్కడా ఇక్కడా చూసి అతికినవే. ఒక్కటి తప్ప. తండ్రి పోయిన వారం, ఉండబట్టలేక, కూర్చుని ఏడుస్తూ రాసుకున్నారు. భార్య చదివి ఆవిడా ఏడ్చింది. తరవాతి సంవత్సరం పిల్లలకి మరువలేని వ్యక్తి మీద వ్యాసం కావాల్సొచ్చింది. ఇది చేతిలో ఉంది. పరీక్షలో కన్నతండ్రిని చంపుకోవడం పిల్లలకి అచ్చిరాదని తండ్రిని తాతగా మార్చి డిక్టేషను చెప్పేశారు. మొదట్లో తాళం తిప్పే చోటికి వచ్చేసరికి ఆయన అద్దాలు తీసి తుడుచుకునేవారు. రానురానూ అక్కడ పిల్లలు కామా పెట్టారా లేదా అన్నదొక్కటే చూసేవారు.

"పాపం మామయ్యగారు! బతికున్నన్నాళ్లూ కొట్టు దాటి ఎరగరు. ఇప్పుడు ఇంటింటికీ తాతయ్యిపోయారు" అని భార్య ఎగతాళి చేసేది. ఆయన కూడా నవ్వేసేవారు.

ఇప్పుడు అసలు చిక్కు ఇంకోటుంది. మాస్టారి కూతురు కూడా అదే గదిలో రాసింది. ఫలితం ఆగని ఒకే ఒక్క నంబరు ఆ పిల్లది. పాసైంది.

ఇంకేముంది, మంట అక్కడ అంటుకుంది.

"సొంత కూతురికి మంచి వ్యాసం చాటుగా చెప్పుకుని, మా పిల్లలకి పాతది అంటగట్టాడు" అని వీధి మలుపులో ఇస్త్రీ చేసే ఆవిడ మొట్టమొదట అంది. ఆవిడ కొడుకు బస్సులు కడిగే వాడే. ఆవిడ అన్నది నలుగురూ అందుకున్నారు. చివరికి ఆ మాట అర్జీగా మారి ఆఫీసు దాకా వచ్చింది. నిన్నటిదాకా 'మాస్టారూ, మాస్టారూ' అన్న నోళ్లే. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో కూతుర్ని అడిగారు. "నువ్వేం రాశావమ్మా?"

"ఏదో రాశాను నాన్నా" అని ఆ పిల్ల వంటింట్లోకి వెళ్లిపోయింది. మరోసారి అడగడానికి ఆయనకి భయం వేసింది. అవునండీ, కన్నకూతురంటేనే భయం.

బంట్రోతు తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు.

గదిలో పొడుగాటి బల్ల. దాని వెనక విచారణ చేసే మేడమ్, పక్కన ఒక గుమాస్తా. బల్ల మీద జవాబు పత్రాల కట్ట. మూల కుర్చీలో ఆ కాపలా టీచరమ్మ చేతిరుమాలు మెలిపెడుతూ కూర్చుంది. మాస్టారి వంక చూసిన చూపుకి ఆయన చెంపలు చెళ్లుమన్నట్టయింది.

"కాపీ కాదంటున్నారు" అంది మేడమ్.

"కాదండీ. నేనే చెప్పాను. కంఠతా పట్టించాను. ఎవర్నైనా పిలవండి, అప్పజెబుతారు."

"నేనే పిలుస్తాను. మీరు ఆ కిటికీ దగ్గర నిలబడండి. పెదవి కదిపారో, ఇక్కడితో సరి."

మేడమ్ కట్టలోంచి ఒక పేపరు లాగింది. ఆ నంబరు ముసలాయన మనవడిది. మిగతా అందరూ ఒక ఎత్తు, వీడొక్కడూ ఒక ఎత్తు. మంచి పిల్లవాడే గానీ పెద్దవాళ్ల ముందు నిలబెడితే సొంత పేరు కూడా మర్చిపోయే రకం.

వాడొచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"చెప్పు బాబూ. నువ్వు రాసిన వ్యాసం."

వాడు నోరు తెరిచాడు. మాట రాలేదు. మేడమ్ వైపు చూశాడు, కట్ట వైపు చూశాడు, ఎండిపోయిన పెదాలు తడుపుకున్నాడు. పరీక్ష అయి నెలలు గడిచిపోయాయి. గుమాస్తా కలం మూత తీసి ఏదో రాసుకోబోయాడు. మాస్టారి నాలిక చివర మొదటి మాట ఊగుతోంది. 'మా తాతగారు' అని అందిస్తే చాలు, వాడు అల్లుకుపోతాడు. పళ్ల మధ్య పెదవి బిగబట్టుకున్నారు. గోడ వైపు తిరిగారు. ఉహూ, లాభం లేదు, చెవులు మాత్రం వాడి మీదే ఉన్నాయి. టీచరమ్మ చేతిలో రుమాలు కూడా ఆగిపోయింది.

"రాదా?" అంది మేడమ్.

"మా..." అన్నాడు వాడు. మింగాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అంతే, కుళాయి తిప్పినట్టు మొదలైంది. "మా తాతగారు గడియారాలు బాగుచేసేవారు ఫుల్‌స్టాప్ ఆయన ఎడమచేతి బొటనవేలి మీద ఒక మచ్చ ఉండేది ఫుల్‌స్టాప్ కొత్త పేరా ఆయనకు చూపు మందగించినా కామా చప్పుడు విని జబ్బు చెప్పేవారు ఫుల్‌స్టాప్ ఇది అండర్‌లైన్ చేసుకోండి ఒరేయ్ వెనక బెంచీ ఆ గుసగుసలేమిట్రా కొత్త పేరా..."

గుమాస్తా ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. మేడమ్ పేపరు మీద వేలు పెట్టి వెంట చదువుతూ పోతోంది. వెనక బెంచీ గుసగుసలు తప్ప అక్షరం పొల్లుపోలేదు. తాళం తిప్పే చోట వాడు "కామా" అని ఒత్తి మరీ చెప్పాడు. మాస్టారికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

మేడమ్ ఇంకో ఇద్దర్ని పిలిచింది. వాళ్లూ అంతే. ముగ్గుర్నీ గోడవార నిలబడమంది. టీచరమ్మ అప్పటికి ఊపిరి పీల్చుకుంది.

"సరే. ఇప్పుడు మీ అమ్మాయిని పిలవండి."

కూతురు వచ్చింది. తండ్రి వైపు చూడలేదు.

"గదిలో ఎవరైనా చీటీలు తెచ్చారా? ఒకళ్లది ఒకళ్లు చూశారా?"

"లేదండీ. చూడాల్సిన పనేముంది? అందరికీ నోటికొచ్చు."

"నీకు రాదా?"

"వచ్చండీ."

"మరి నువ్వెందుకు రాయలేదు? మీ నాన్న నీకు వేరేది చెప్పారని అర్జీ ఉంది నా దగ్గర. అబద్ధం చెబితే నీ ఫలితం కూడా ఆపుతాను."

ఆ పిల్ల చాలాసేపు పలకలేదు. చెప్పమ్మా, చెప్పు తల్లీ, అని మాస్టారు లోపల్లోపల కొట్టుకులాడుతున్నారు. దాని మౌనం చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. నిజానికి ఆయనకే వచ్చింది. వేరే ట్యుటోరియల్‌లో ఎవరిదో చదివి ఉంటుందా?

"రాద్దామనే మొదలుపెట్టానండీ" అంది చివరికి. "మా తాతగారు అని రాసి తలెత్తి చూశాను. గదంతా మా తాతగారినే రాస్తున్నారు. ఆయన నిజంగా మా తాతయ్యండీ. వాళ్లకి కాదు. నేను చిన్నప్పుడు ఆ మచ్చ పట్టుకుని నిద్రపోయేదాన్నట, అమ్మ చెప్పేది. అందరూ ఆయన్ని రాసేసుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. కొట్టేసి వేరే రాశాను."

మేడమ్ ఆ పిల్ల పేపరు తీసింది. పైకి చదివింది. వీధి పంపు దగ్గర రోజూ వాళ్లమ్మతో పోట్లాడే ఒకావిడ గురించి. బిందె అడ్డం పెట్టి నోటికొచ్చినట్టు తిట్టే ఆవిడ, అమ్మకి జ్వరమొస్తే రెండు బిందెలూ నింపి గుమ్మంలో పెట్టి, "రేపు లేవగానే వస్తావుగా, నీ సంగతి చెబుతాను" అని అరిచి వెళ్లిందట. "ఆవిడ రాని రోజు మా అమ్మ నాలుగుసార్లు వీధిలోకి చూస్తుంది" అని రాసింది. శీర్షికల్లేవు, ముగింపు లేదు. వాక్యాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మార్కులు కూడా అంతంతమాత్రమే వేశారు, గట్టున పడింది.

మాస్టారు కిటికీ చువ్వ పట్టుకున్నారు. ఆ పంపు ఆయన రోజూ చూసేదే. ఆ పోట్లాట రోజూ వినేదే. తన ఇంట్లో, తన పక్కనే కూర్చుని అన్నం తినే పిల్ల ఇలా రాయగలదని ఆయనకి ఇసుమంతైనా తెలియదు.

"ఇంత బాగా రాస్తావే, మీ నాన్నకెప్పుడూ చూపించలేదా?" అంది మేడమ్.

"నాన్న దిద్దుతారండీ" అంది ఆ పిల్ల.

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. అందుకే ఆయనకి మరీ తగిలింది. ఎవరైనా పట్టుకు తిట్టినా బాగుండు అనిపించింది.

మేడమ్ కట్ట పక్కకి నెట్టి మాస్టారిని కూర్చోమంది. "చూడండి, వీళ్లు కాపీ కొట్టలేదని నాకు నమ్మకం కుదిరింది. కానీ నా నమ్మకం ఫైల్లో పెట్టలేను. మరి తప్పెవరిదని పైవాళ్లు అడుగుతారు. ఇదెలా జరిగిందో మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. జీపు కదిలేలోగా ఇస్తే జాబితా ఆపుతాను. ఇంకోటి. రాసిచ్చాక మీ ట్యుటోరియల్‌కి అనుమతి ఉండదు. అది కూడా ముందే చెబుతున్నాను."

"రాస్తానండీ" అన్నారు మాస్టారు వెంటనే. గుమాస్తా కాయితం, కలం ఇచ్చాడు. ఆయన అద్దాలు సర్దుకుని, కాయితం నిటారుగా పెట్టుకుని, తలెత్తి, "నమూనా ఏదైనా ఉంటుందా అండీ?" అని అడిగారు.

అడిగాక గానీ ఏమడిగారో ఆయనకే తెలియలేదు.

'మానవ జీవితంలో విద్య యొక్క ప్రాముఖ్యత ఎనలేనిది' అని రాశారు. కొట్టేశారు. 'నేటి సమాజంలో' అని మొదలెట్టారు. అదీ కొట్టేశారు. చెమట బొట్టు పడి సిరా అలుక్కుంది. ఇంకో కాయితం ఇచ్చారు. ఎక్కడ పట్టుకున్నా పిల్లలకి చెప్పిన వాక్యమే చేతికొస్తోంది. బయట జీపు వచ్చి ఆగింది. బంట్రోతు జాబితా ఉన్న సంచీకి తాడు కట్టనా అన్నట్టు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా మేడమ్ వైపు చూశాడు. బేకరీ కుర్రాడు, నర్సు పిల్ల, మనవడు, అందరూ తన చేతి వైపే చూస్తున్నట్టు అనిపించింది.

కూతురు వచ్చి పక్కన వంగింది. "నాన్నా, నేను చెప్పనా?"

"వద్దమ్మా" అన్నారు ఆయన. "నువ్వు చెబితే అది నీదవుతుంది."

కొట్టేసిన కాయితం పక్కకి నెట్టారు. తరవాత ప్రూఫులు దిద్దేవాళ్ల చిన్న గుండ్రటి అక్షరాలతో రాశారు:

"ఈ పిల్లలు కాపీ కొట్టలేదు. వాళ్లందరూ రాసింది మా నాన్న గురించి నేను రాసుకున్నది. నేనే బట్టీ పట్టించాను. పాసైతే చాలనుకున్నాను. వాళ్లకి రాయడం నేను నేర్పలేదు. వచ్చా అని ఎవర్నీ అడగనూ లేదు. మా అమ్మాయికి వచ్చని ఇవాళే తెలిసింది."

సంతకం పెట్టి ఇచ్చేశారు. మేడమ్ చదివింది, రెండోసారి కూడా చదివింది. సంచీలోంచి జాబితా తీయించి అడ్డంగా చింపింది. మూలనున్న టీచరమ్మ రుమాలులో మొహం దాచుకుని ఏడ్చేసింది.

బయటికి రాగానే వార్త వరండా అంతా గుప్పుమంది. ముసలాయన మనవణ్ణి వాటేసుకుని, అదే ఊపులో వీపు మీద ఒకటిచ్చాడు. నర్సు పిల్ల పరిగెత్తుకుంటూ ఫోను చేసుకోడానికి వెళ్లింది. ఇస్త్రీ ఆవిడ కళ్లొత్తుకుంటూ మాస్టారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"కడుపుమంట కొద్దీ ఏదో వాగాను, మనసులో పెట్టుకోకండి మాస్టారూ. మీ పాప మీకు తెలియకుండానే రాసుకుందట కదా, లోపలికెళ్లొచ్చిన పిల్లలు చెప్పారు. ఎంత బాగా రాసిందో అంటున్నారు." ఆవిడ గొంతు తగ్గించింది. "వచ్చే ఏడు మా చిన్నదానికి పరీక్ష. ఆ తాతగారిది వద్దు గానీ, మీ పాప రాసిందే, ఆ పంపు దగ్గర ఆవిడది, అది చెప్పి కంఠతా పట్టించండి దానికి."

పక్కనున్న కూతురి మొహం తెల్లబోయింది. తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది దానిదమ్మా" అన్నారు మాస్టారు. "ఇవ్వడానికి నాది కాదు."

"అయితే వేరేది చెప్పండి, ఏదైనా సరే."

"ఇక ఏదీ లేదమ్మా. మీ పాపనే రాసుకోమను."

"దానికేం వచ్చని రాస్తుంది బాబూ?" అంది ఆవిడ. వెటకారం కాదు. నిజంగానే అడిగింది, ఇన్నేళ్లూ పిల్లల్ని పాసు చేయించిన మాస్టారు కదా, చెబుతారేమోనని. మాస్టారు ఆవిడ మొహంలోకి చూడలేక, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయారు.